నీలవేణి పేరు రాసిన గొట్టం

నేను ఒక గొట్టాన్ని. డయాలిసిస్ గదిలో మిషను కీచుమంటూ పేరంతా కొట్టేస్తుంది గానీ, రక్తం శుభ్రపడేది నా పొట్టలో. అందులో వెంట్రుకల్లాంటి బోలు దారాలు వేలకొద్దీ ఉన్నాయి. వాటి లోపల రక్తం, బయట మందునీళ్లు, మధ్య గోడకు కంటికి కనబడని రంధ్రాలు. మీ ఒంట్లో ప్రతి కణానికీ ఉండే పొరకు నేను మోటు నకలుని.

నేనెవరినీ నెట్టను. రక్తంలో ఎక్కువైన యూరియా, పొటాషియం అవి తక్కువున్న నీళ్లవైపు తమంతట తామే నడుస్తాయి. కణాల్లో దాగిన పొటాషియం ముందు రక్తంలోకి రావాలి, ఆ తర్వాత నన్ను దాటాలి. దానికి నాలుగు గంటలు పడుతుంది. తిట్టినా మొక్కినా అంతే. ఇంత చిన్న సంగతి మనుషుల బుర్రకెక్కదు, అదే నా కడుపుమంట.

నా మీద నీలవేణి అని రాశారు. జీడిపిక్కలు వలిచి వేళ్లు నల్లబడిన మనిషి. ప్రతిసారీ నన్ను కడిగి మళ్లీ ఆమెకే పెట్టేవాడు టెక్నీషియన్ తవిటినాయుడు.

ఆ శుక్రవారం సగం దాటగానే ఆమె మొదలుపెట్టింది.

"నాయుడు బాబూ, ఇప్పీ. మూడింటి బస్సెల్లిపోతే మరి సీకటిదాకా బస్సు నేదు."

"ఇంకా గంటన్నర ఉందమ్మా."

"ఈ ఒక్కపాలికి ఏటవద్ది? సోమారం పూర్తిగా సేయించుకుంతాను."

తలుపు దగ్గర మరో రోగి కాచుకుని ఉన్నాడు. అడ్డగాడిద నాయుడు విప్పేశాడు.

సోమవారం ఆమె రాలేదు. బుధవారం ఆమె వదిన ఆదిలక్ష్మి సంచితో వచ్చింది.

"ఆదివారం నీర్సమంటే మా సెట్టు బొండాలు మూడు తాగించాను బాబూ. ఆ రేతిరి నిద్దర్లోనే పోయింది. గొంతు తడుపుకుని ఎల్లింది, అదే నాకు తృప్తి."

జబ్బు మనిషి దగ్గరికి బొండం లేకుండా ఎవరూ వెళ్లరిక్కడ. ఆ నీళ్లనిండా పొటాషియమే. కిడ్నీలు చెడ్డవాళ్ల గుండెను ఆపేది అదే. ఆ మాట మొదటిరోజే నోటితో చెప్పాల్సిన నాయుడు, తినకూడనివి రాసిన ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి ఊరుకున్నాడు.

ఆదిలక్ష్మి సంచిలోంచి ఒక బొండం తీసింది. "నీకే తెచ్చాను. ఆ బాబు నా మాట ఎప్పుడూ కాదనడని నీలవేణి మురిసిపోయీది."

తవిటినాయుడు రెండు చేతులతో అందుకున్నాడు. ఆమెకు నిజం చెప్పలేదు, తన తప్పూ చెప్పలేదు. ఆమె వెళ్లాక నన్ను తీసి ఆస్పత్రి చెత్త వేసే ఎర్ర సంచిలో పడేశాడు.

ఇంకొకరికి నేను పనికిరాను. నాలో ఇంకా నాలుగుసార్లకు సత్తువ ఉంది. ఆ శుక్రవారం నేనడిగింది గంటన్నర.