ఎల్లాజీకి వడ్డించిన యన్నము

మార్గశిరమాసపు మధ్యాహ్నమయ్యును సూర్యుడు దక్షిణదిగంతమందలి కొండల వెనుకనుండి యొక్కమారు తొంగిచూచి యిక నీ యూరితో నాకేమి పని యన్నట్లు మరల గ్రుంకిపోయెను. నార్వే దేశపు టుత్తరతీరమున నున్న యా రేవుపట్టణమున శీతకాలమందు పగలన నింతియే. హిమధవళితములైన యింటికప్పులును నల్లనినీట నల్లలాడు చేపలపడవలును ఉప్పుగాలికి ద్రుప్పుపట్టిన యినుపగొలుసులును వీథిదీపముల మసకవెలుగున గానవచ్చుచుండెను. ఆ రేవునకెదురుగా నున్న చికిత్సాలయమున మేడమీది కిటికీయొద్ద నిలిచి సౌదామిని బియ్యము కడుగుచుండెను.

వైద్యురాలు బియ్యము కడుగుటేమని చదువరులు ముక్కున వేలు వేసికొనవలదు. మనోవ్యాధులకు జికిత్స చేయు నీ విదుషీమణి మందుబిళ్లలకంటె వంటింటిని, బొమ్మలు వేయు రంగులపెట్టెను నెక్కువగా నమ్మినది. హైదరాబాదునగరమున బూజాపునస్కారములు గాని చావుతద్దినములు గాని యెరుగని యుద్యోగస్థుల యింట బుట్టి పెరిగి చదువునకై సముద్రములు దాటి యీ చలిదేశమున నేండ్ల తరబడి యొంటరిగా గాపురముండి యింటిమీద బెంగ పుట్టినప్పుడెల్ల జారు కాచుకొని చారుతోను దీరనప్పుడు బొమ్మ వేసికొని తన్ను దాను నిలుపుకొన్నది. తనకు గుదిరిన మందు లోకమునకెల్ల గుదురునని యామె నమ్మకము. తోడివైద్యులును తల లూపుచుండిరి గావున నా నమ్మకము నానాటికి గర్వముగా ముదిరెను.

ఆమె వెనుక గోడకు జేరగిలబడి కూర్చున్నది నూకరత్నము. శ్రీకాకుళపు సముద్రతీరమున బుట్టిన మత్స్యకారుల యాడపడుచు. పెనిమిటియైన యెల్లాజీతో గూడ బొట్ట చేతబట్టుకొని యీ దేశమునకు వచ్చి యతడు చేపలనావపై వలలు లాగుచుండగా దాను రేవులోని కర్మాగారమున జేపలు కోయుచుండెడిది. కార్తికమాసమున నొక తుపానులో నా నావ మునిగెను. తోడివారి శవములు దొరకినవి. ఎల్లాజీ దొరకలేదు. నాటినుండి నూకరత్నము తిండి మానెను. టీనీళ్లు మాత్రము త్రాగుచు గండలు కరగి మెడయెముకలు బయటబడెను. ఎట్లయిన నీమెచేత నన్నము దినిపింపుడు లేకున్న బెనిమిటి దారినే పోవునని కర్మాగారమువారు తెలుగు తెలిసిన సౌదామినికి ఆమెను అప్పగించిరి.

అయ్యో, సౌదామిని చేయని ప్రయత్నము లేదు. రంగులిచ్చి బొమ్మ వేయుమన్న నూకరత్నము పడవనే వేసెడిది. పడవలో నొక్క మనుష్యుని వేసెడిది. వచ్చినప్పుడెల్ల నా పడవ కాగితముపై గొంచెము గొంచెముగా నొడ్డునకు జేరువగుచుండెను. నిన్నటి బొమ్మలో నది యిసుకను దాకినది. దానిని జూచిన సౌదామిని, పోయినవాడు పోయెనని యొప్పుకొనక యీ యిల్లాలు ఆశవలననే చచ్చుచున్నదనియు వీడ్కోలు చెప్పించినగాని యాకలి పుట్టదనియు నిశ్చయించి తాను జదివిన శాస్త్రమున బలుమారులు ఫలించిన యొక యుపాయమును దలచెను. ఖాళీకుర్చీని ఎదుట బెట్టించి దూరమైనవారితో మాటలాడించుట యా యుపాయము. దానికి దన సొంత తెలివిగా నన్నమును గూడ జేర్చినది. ఇదిగో, కొంప మునిగినది యిచ్చటనే!

"నూకరత్నం! మీ ఆయనకి ఏ కూరంటే ఇష్టం?"

"ఎండునెత్తళ్ళు, వంకాయ. పులుసు సిక్కగుండాల."

"అయితే అదే వండు. వండి, ఈ ఖాళీ కుర్చీ ముందు ఆయనకి అన్నం వడ్డించు. నీ మనసులో ఉన్నదంతా ఆయనతో చెప్పెయ్యి."

నూకరత్నము తలయెత్తి యామె మొగమువంక జాలసేపు చూచెను.

"నువ్వే సెప్తన్నావా డాక్టరమ్మా? మన మనిసివి, నువ్వే?"

"నేనే చెప్తున్నాను. భయపడకు."

నూకరత్నము లేచి రేవుసందులోని తన గదికి బోయి యూరినుండి తెచ్చుకొన్న, నెత్తళ్లన బరగు చిన్న యెండుచేపల మూటతో దిరిగి వచ్చెను. వంకాయలు తరిగెను. చింతపండు పిసికెను. పొయ్యిమీద గూర కుతకుతలాడుచు నా చల్లనిగదినెల్ల గుమగుమలాడించుచుండగా వంటకత్తె మొగమున మాత్రము నెత్తురుచుక్క లేదు. పిమ్మట గుర్చీని ప్రక్కకు దొలగించి నేలను దడిగుడ్డతో దుడిచి గోడవార గాగితము పరచి యన్నము కుప్పగా బోసి కూర వడ్డించి ప్రక్కను నీళ్లు పెట్టెను. కుర్చీ వలదన్న మానె, నేలయే ఈమెకు వాడుక గాబోలునని సౌదామిని యూరకుండెను. అంతట నూకరత్నము అరచేతితో నొసటిబొట్టును దుడిచివైచి చేతులను నేలకు గొట్టి గాజులు చిట్లించుకొని యొక్క పెట్టున గొల్లుమనెను.

"ఓరయ్యో! నన్నొగ్గేసి ఎలిపోనావా!"

కన్నీరు వచ్చినది, చికిత్స ఫలించినది! సౌదామిని లోలోపల జబ్బలు చరచుకొనెను. ఎంతటి చదువునకైనను గన్నులు మూతబడు క్షణమొకటి యుండును గదా.

ఏడ్పు నడుమ నూకరత్నము అడిగెను. "ఏ ఒడ్డుకి కొట్టుకొచ్చేడమ్మా? పీనుగుని నాకు సూపిత్తారా?"

"ఎవరు కొట్టుకొచ్చారు? కబురేమీ రాలేదే!"

ఏడ్పు టక్కున నిలిచెను. "కబురు రానేదా?"

"రాలేదు."

"మరైతే కూడెట్టమన్నావేటి? సచ్చిపోనోళ్ళకే గదా మనోళ్ళు ఇలాగ కూడెడతారు! ఈ దేశపోళ్ళు సెప్పుంటే తెలీక సెప్పేరని ఊరుకుందును. నువ్వు తెలుగు ఆడమనిసివి. కబురొచ్చీసింది, నోటితో సెప్పనేక ఇలాగ సెప్తన్నావనుకున్నాను."

పుట్టినగడ్డమీద బెరిగియు నీ సంగతి తెలియకపోయెనే యని సిగ్గును, తెలిసినవారిని ఒక్కమాట యడుగనైతినే యని పశ్చాత్తాపమును దన్ను దినివేయుచుండగా సౌదామిని నూకరత్నము చేతులు పట్టుకొనెను.

"నాకు తెలియదు, తల్లీ! తెలియక చెప్పాను. ఇదంతా తీసేద్దాం. జరగలేదనుకో. ఆయన ఎక్కడో బతికే ఉండొచ్చు."

ఏ యాశకు దాను వ్యాధియని పేరు పెట్టినదో యా యాశనే నిలుపుకొమ్మని యిప్పుడు కాళ్లావేళ్లా పడి బ్రతిమాలుచుండెను. నూకరత్నము మెల్లగా జేతులు విడిపించుకొనెను.

"కూడెట్టేసేక మరి తియ్యకూడదమ్మా. ఇంక ఎదురుసూడ్డానికీ నేదు. నా సేతుల్తో నేనే అంపించీసినాను."

తరువాత నామె కడుపును బట్టుకొని తల వంచుకొని తప్పు చేసినదానివలె మెల్లగా ననెను. "ఆకలేస్తంది."

పళ్లెము తెచ్చి గిన్నెలో మిగిలిన యన్నము పెట్టుకొని యామె తినసాగెను. ముద్ద వెంట ముద్ద, ఏడ్చుచు దినెను, ఏడ్పు మాని తినెను. ఆ త్రోవను బోవుచున్న తోడివైద్యుడొకడు తలుపుసందున దొంగిచూచి, రోగి యన్నము దినుచుండుట గాంచి, భళీ యన్నట్లు సౌదామినికి జేయియూపి నవ్వుచు బోయెను. ఆమె ప్రతిగా జేయి యెత్తలేదు.

నూకరత్నము రెండవ పళ్లెమున నన్నము పెట్టి వైద్యురాలి ముందుంచెను.

"నువ్వూ తిను. కూడెట్టిన సోటికి వొచ్చినోళ్ళు తినకుండా ఎల్లకూడదు."

సౌదామిని నేలపై గూర్చుండి యన్నము గలుపుకొని నోట బెట్టుకొనెను. కూర కమ్మగా నుండెను. పరదేశమున నెన్నియేండ్లుగానో నోటికి దగులని రుచి యది. ఎంత వలదనుకొన్నను నాలుక యానందించుచుండెను. నూకరత్నము మారు వడ్డించెను. సౌదామిని చేయడ్డుపెట్టక మరల గలుపుకొనెను.