ఒక్క పూటలో ఎనిమిది సంతకాలు

నేను ఒక కౌన్సెలింగ్ రిజిస్టరును. చదవడానికి పనికొచ్చే పుస్తకాన్ని కాను, తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి పనికొచ్చే పుస్తకాన్ని. హైవే పక్కనున్న ఒక ఇంజనీరింగు కాలేజీవాళ్లు నన్నూ, నాలాంటివాళ్లను మరో నలభై మందినీ ఒకే రోజు ప్రెస్సులో కుట్టించారు. ప్రతి పేజీలో ఐదు గళ్లు గీశారు: తేదీ, విద్యార్థి సమస్య, ఇచ్చిన సలహా, విద్యార్థి సంతకం, మెంటర్ సంతకం. మనిషి కష్టం రెండంగుళాల గడిలో పడుతుందని ఎవరికి తోచిందో గానీ, వాళ్లకో దండం.

ఈ కాలేజీలో ఫస్టియర్ పిల్లల్ని ఇరవై నలుగురి చొప్పున ఒక్కో సారుకు అప్పగిస్తారు. వాళ్ల మంచీచెడ్డా కనుక్కోవలసిన ఆ సారే మెంటర్. నేను లెక్కల సారు విద్యాసాగర్ చేతికి వచ్చాను. ఆయన చెడ్డవాడు కాడని ముందే చెప్పేస్తున్నాను. పిల్లల మీద గొంతు పెంచి ఎరగడు. కాకపోతే పైనుంచి ఎవరు ఏ పని చెప్పినా కాదనలేడు. నన్ను సొరుగులో టిఫిన్ డబ్బా పక్కన పడేసి మరిచిపోయాడు.

అఖిల మొదటిసారి వచ్చినప్పుడు ఆ సొరుగు సగం తెరిచే ఉంది. ఆమె ఇంటిపేరు పున్న, తండ్రి అంజయ్య మరమగ్గాల మీద పనిచేస్తాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఊళ్లో ఫస్టు వచ్చిన పిల్ల.

"సార్, క్లాసుల చెప్పేది నాకు సమజైతలేదు. బోర్డు మీదిదంతా రాసుకుంటున్న గానీ ఏం రాసుకున్ననో నాకే ఎర్కలేదు" అంది.

"మొదట్ల అందరికీ గంతేనమ్మా. అలవాటైతది, పో" అన్నాడు సారు. ఆ మాటలో దయ ఉంది. దానితో పని మాత్రం జరగలేదు. నా గళ్లు ఖాళీగానే ఉన్నాయి.

నెల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి కళ్లు ఉబ్బి ఉన్నాయి. క్లాసులో మేడం నిలబెట్టి ఇంగ్లీషులో జవాబు చెప్పమంటే నోరు పెగల్లేదట, వెనక బెంచీలన్నీ నవ్వాయట. అప్పట్నుంచి ఆ పీరియడ్లకు వెళ్లకుండా లైబ్రరీలో కూర్చుంటోంది. హాజరు అరవై ఐదు శాతానికి తగ్గితే పరీక్ష రాయనివ్వరు, ఏడాది పోతుంది.

"ఏడాది పోతే ఇంట్ల కూసోవుడే అన్నడు సార్ మా నాయిన. నాకు సదువుకోవాలనుంది సార్" అని ఏడ్చింది.

సారు ఆ రోజు నిజంగా విన్నాడు. పేపర్లు పక్కన పెట్టి, ఫోను తిరగేసి పెట్టి విన్నాడు. "సోమవారం నుంచి మధ్యాహ్నం తిన్నంక రా. మొదటి నుంచి తెలుగుల చెప్తా. మేడంతోని నేను మాట్లాడుతా" అన్నాడు. ఆ పిల్ల ముఖం విప్పారింది. నాకూ సంతోషమేసింది. రాయకపోతే మానె, సమస్య తీరితే చాలనుకున్నాను.

సోమవారం అఖిల కొత్త నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. సారు లేడు. తనిఖీ కమిటీ వస్తోందని ఫైళ్ల పని ఆయన నెత్తిన పెట్టారు. మంగళవారం వచ్చింది, సారు మీటింగులో ఉన్నాడు. బుధవారం సారు ఎదురుపడి "రేపు తప్పకుండా" అన్నాడు. గురువారం కుర్చీ పక్కన అరగంట నిలబడి వెళ్లిపోయింది. ఆ తర్వాత రాలేదు. మేడంతో మాట్లాడే సంగతి సారుకు మళ్లీ గుర్తే రాలేదు.

తనిఖీకి రెండు రోజుల ముందు నన్ను సొరుగులోంచి తీసి దుమ్ము దులిపారు. సారు నాలుగు నెలలకూ నెలకు రెండు చొప్పున తేదీలు వేసి, సమస్యలూ సలహాలూ ఆయనే రాసేశాడు. ఒకే ఇంకు అయితే అనుమానం వస్తుందని ఒక వరుస నీలం పెన్నుతో, ఒక వరుస నల్ల పెన్నుతో రాశాడు. పిల్లల్ని వరుసలో నిలబెట్టి అవే పెన్నులు చేతికిచ్చాడు.

అఖిల పేజీలో ఎనిమిదిసార్లూ ఇంగ్లీషులో ఒకటే మాట: హాజరు తగ్గుతోంది, క్రమంగా తరగతులకు రావాలని హెచ్చరించడమైనది.

"సార్, గివన్నీ ఎప్పుడు చెప్పిన్రు?" అని మెల్లగా అడిగింది.

"ఊరికె ఫార్మాలిటీ అమ్మా. పెట్టు, వెనక మస్తుమంది ఉన్నరు."

పెన్ను మార్చి మార్చి ఎనిమిది సంతకాలు పెట్టింది. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి నన్ను తిరగేసి, చాలా శ్రద్ధగా చేశారని మెచ్చుకున్నాడు. నాకు మాత్రం తలెత్తుకోవాలనిపించలేదు.

పదిహేను రోజులకు నోటీసు అంటించారు. అఖిల హాజరు అరవై ఒకటి. అంజయ్య మగ్గం ఆపుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వచ్చాడు. తమకు ఒక్క ఫోనన్నా చెయ్యలేదేమని అడిగాడు. ప్రిన్సిపాల్ విద్యాసాగర్‌ను పిలిపించి, నన్ను తెప్పించి అంజయ్య ముందు పరిచాడు.

"ఎనిమిదిసార్లు హెచ్చరించాం. ఇవి మీ అమ్మాయి సంతకాలే కదా?"

అంజయ్యకు ఇంగ్లీషు రాదు. కూతురి సంతకం మాత్రం గుర్తుపట్టాడు. వేలు పెట్టి ఒక్కొక్కటీ చూశాడు. "ఇన్నిసార్లు చెప్పిన్రా బిడ్డా? నాకొక్క మాటన్న చెప్పకపోతివి" అన్నాడు.

"అన్నీ ఒక్కనాడే పెట్టిన నాయినా. సారును అడుగు" అంది అఖిల.

అందరూ విద్యాసాగర్ వైపు చూశారు. ఒక్క మాట చాలు. నాకు నోరుంటే నేనే అనేదాన్ని. ఆయన పెదవి కదిలింది. ప్రిన్సిపాల్ ముఖం చూశాడు, నన్ను చూశాడు, "తేదీలున్నయి కద సార్" అని నీళ్లు నమిలాడు.

అంజయ్య లేచి చేతులు జోడించాడు. "తప్పు మా పిల్లదే సార్. ఇగ సాలు, తోలుకపోత." ఆ పిల్ల తండ్రి వెనకే నడిచింది. తండ్రి కూడా నమ్మకపోయాక ఇంకెవరికి చెప్పుకుంటుంది?

నన్ను చించుతారనుకున్నాను, చించలేదు. అన్ని గళ్లూ నిండిన రిజిస్టరు నేనొక్కదాన్నేనట. స్టాఫ్ రూములో అద్దాల బీరువాలో పెట్టి, కొత్తగా చేరినవాళ్లకు నమూనాగా ఇస్తున్నారు. ఈ ఏడాది చేరిన చిన్న మేడం నన్ను తీసి అఖిల పేజీ దగ్గర ఆగింది.

"ఈ అమ్మాయికి ఎంత ఓపిగ్గా చెప్పారు సార్! ఇప్పుడు బాగా చదువుతోందా?" అని పక్క కుర్చీలోని విద్యాసాగర్‌ను అడిగింది.

ఆయన దిద్దుతున్న పేపర్లోంచి తల ఎత్తలేదు. "ఆ, బాగనే చదువుతుంది" అన్నాడు.

మేడం తృప్తిగా తలూపి, తన కొత్త రిజిస్టరు తెరిచి, నన్ను చూసి రాసుకోవడం మొదలుపెట్టింది.