తాల్మోర్ సమాధిలో పడుకున్నవాడు

నేను ఒక పాడెను. అదిగో, అప్పుడే మొహం తిప్పుకున్నారు! తిప్పుకోండి, నాకేం కొత్త కాదు. ఎవరిమీదైనా కోపం వస్తే "నీ పాడె కట్టా!" అని నా పేరు పెట్టి తిట్టడానికి మాత్రం మీకు నోరు వస్తుంది. కాస్త కూర్చుని నా గోడు వినమంటే ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి.

మీ దగ్గర పాడెని అప్పటికప్పుడు వెదురుతో కట్టి, పని కాగానే పారేస్తారు. అదృష్టవంతురాలు, ఒక్క చావు చూసి వెళ్ళిపోతుంది. నేను పుట్టింది ఎనిమిది వందల ఏళ్ళ కిందట, ఫ్రాన్సు దేశంలో, బ్రెవాన్ అనే కొండ ఊళ్ళో. అక్కడ ఊరంతటికీ ఒకటే పాడె. శవాన్ని గుడ్డలో చుట్టి నామీద మోసుకెళ్ళి, గోతిలోకి దించి, నన్ను మళ్ళీ తెచ్చి చర్చి వెనక చూరు కింద పడేసేవాళ్ళు. ఓక్ కర్రతో నన్ను చేసిన వడ్రంగి ఆఖరి మేకు కొట్టగానే సిలువ గుర్తు వేసుకుని చేతులు కడుక్కున్నాడు. కన్నతండ్రే అలా చేస్తే ఊళ్ళోవాళ్ళని ఏమనుకోను? చూడటానికి నిచ్చెనకి నాలుగు పొట్టి కాళ్ళు మొలిచినట్టు ఉంటాను, అంతే. దానికే పిల్లలు నా పక్కకి వస్తే తల్లులు వీపు విమానం మోత మోగించేవాళ్ళు.

చావుమీద నాకేం కోపం లేదు. దాని పని అది చేసుకుపోతుంది. నాకు ఒళ్ళు మండేది చోటు దగ్గర. చచ్చినవాళ్ళ మధ్య కూడా తేడాలు పెట్టారు మహానుభావులు! దొరలు చర్చి లోపల, బలిపీఠం పక్కన, నున్నటి రాళ్ళ కింద. భూములున్న రైతులు సమాధుల దొడ్డిలో దక్షిణం వైపు, ఎండ తగిలేచోట. కూలీనాలీ జనం ఉత్తరం వైపు నీడలో. చచ్చాక ఎండెందుకయ్యా మీకు, వడియాలు పెట్టుకుంటారా? ఇక ఉరేసుకున్నవాళ్ళూ, బాప్తిస్మం అందకుండా పోయిన పసిగుడ్లూ, ఊరూరా తిరిగి కథలు పాడుకునేవాళ్ళూ దొడ్డిగోడ అవతల ముళ్ళకంపల్లో. పోనీ అదేమైనా కోటగోడా అంటే, మేకపిల్ల కూడా దూకేస్తుంది.

గోతియే అలాంటి కథలవాడే. ప్రతి చలికాలం భార్య ఏలీస్‌తో మా ఊరి కోటకి వచ్చేవాడు. ఆమె తీగల వాయిద్యం వాయిస్తుంటే అతను తాల్మోర్ అనే గుర్రపు వీరుడి కథ చెప్పేవాడు. ఆ తాల్మోర్ అన్నవాడు గోతియే బుర్రలో తప్ప ఎక్కడా పుట్టలేదు. పుట్టకపోతేనేం, ఊరంతా వాడంటే ప్రాణం పెట్టేది. వాడు అడవిలో దారి తప్పితే వీళ్ళకి తిండి సయించేది కాదు. ఆ కథల్లో చావుకి ఎంత చోటో! వీరుడు పడిపోతే అడవి అడవంతా వాడిదే. ఏటి ఒడ్డున పాలరాతి సమాధి, దానిమీద బంగారు అక్షరాలు, తలాపున ఆరని దీపం. ఆ చోటంతా మాటలతో కట్టినవాడికి చివరికి ఏం దొరికిందో వినండి.

ఆ ఏడు కథలో తాల్మోర్ గాయపడి అడవిలో కొనఊపిరితో ఉన్నాడు. అక్కడిదాకా చెప్పేసరికి గోతియేకి జ్వరం తగిలి, వారం తిరక్కుండానే పోయాడు. కూలీలు అతన్ని నామీద పెట్టి సమాధుల దొడ్డికి మోసుకొచ్చారు. గేటు దగ్గర ఊరి ఫాదరు అన్సో చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"లోపలికి కాదు. అటు తీసుకెళ్ళండి," అని కంపల వైపు చూపించాడు.

ఏలీస్ వచ్చి నా కర్ర పట్టుకుంది. "ఫాదరుగారూ, మా ఆయన ఏం పాపం చేశాడండీ? నిరుడు క్రిస్మస్‌కి మీరే పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పించుకున్నారు కదా!"

"కథ వేరమ్మా, పవిత్రమైన నేల వేరు. లేనివాళ్ళని ఉన్నట్టు చెప్పి, జనాన్ని ఏడిపించి పొట్ట పోసుకున్నవాడు. నియమం అలా ఉంది, నేనేం చేసేది?"

"బతికినన్నాళ్ళూ మాకు ఇల్లన్నది లేదండీ. ఒకరి కొట్టంలో ఒకరోజు, ఒకరి అరుగుమీద ఒకరోజు. కన్ను మూతపడిందో లేదో లేచి పొమ్మనేవాళ్ళు. ఎవరూ లేపని చోట పడుకోబెడతానని ఆయనకి మాటిచ్చాను." కూలీల వైపు తిరిగింది. "దించండి నాయనా, ఇక్కడే దించండి."

వాళ్ళు నన్ను గేటు మధ్యలో దించేశారు. మంచు పడుతోంది. ఆమె నా పక్కనే చతికిలబడింది. ఫాదరు లోపలికి రానివ్వడు, ఆమె అవతలికి పోనివ్వదు.

ఈ గొడవ ఊరి దొర ఆంగెరాన్ చెవిన పడింది. గోతియే పోయాడని ఆయన బాధపడ్డాడనుకున్నారా? "మరి తాల్మోర్ ఏమయ్యాడు?" అని అడిగాడట! శవాన్ని వదిలి కోటకి రానని ఏలీస్ కబురు పెడితే, కథ మీద యావ కొద్దీ తనే గేటు దగ్గరికి దిగొచ్చాడు. వెనకాలే ఊరంతా.

ఏలీస్ లేచి, కళ్ళు తుడుచుకుని, మొగుడు ఆపినచోట అందుకుంది. "తాల్మోర్ అడవిలోనే ప్రాణం విడిచాడు. కట్టెలు కొట్టేవాళ్ళు చూసి, పాడెమీద పెట్టి, ఒక మఠం గేటు దగ్గరికి మోసుకొచ్చారు. మఠాధిపతి బయటికొచ్చి చూశాడు. వీడికి నా దొడ్డిలో చోటు లేదు, ముళ్ళకంపల్లో పారేసుకోండి పొమ్మన్నాడు."

అక్కడ ఆపేసింది. జనం ఊరుకుంటారా! "వాడి నోరు పడిపోను!" అంది ఒకావిడ. ఫాదరు అన్సో ముక్కు చీదుకుంటూ, "ఎంత రాతిగుండె! కాస్త చోటిస్తే వాడి సొమ్మేం పోయింది?" అన్నాడు.

"ఆ మఠాధిపతి అన్నమాట పొద్దున మీరన్నదే ఫాదరుగారూ," అంది ఏలీస్, గోతియే గుండెమీద చెయ్యి వేసి.

ఫాదరు మొహం కందిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త ఆశ పుట్టింది. "అది కథ! దీనికీ దానికీ ముడి పెడతావేమిటి?" అని ఆయన కసురుకున్నాడు. పుట్టనివాడి కోసం వెక్కి వెక్కి ఏడ్చి, వాణ్ణి పుట్టించినవాణ్ణి మంచులో వదిలేసే మనుషుల్ని ఏమని తిట్టాలి? మీకేదైనా మాట తెలిస్తే చెప్పండి, నాకు దొరకలేదు.

అప్పుడు దొరగారికి ఓ బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. "తాల్మోర్ సమాధి మా చర్చిలోనే ఉందని చాటిద్దాం. చుట్టుపక్కల దొరలంతా కుళ్ళుకుని చావాలి! ఎలాగూ శవం ఉంది. ఇదే తాల్మోర్ అందాం. మా తాతగారి పక్కనే పెట్టించండి."

ఫాదరు నియమం ఒక్కసారిగా ఎటుపోయిందో! వీరుడైతే లోపల ఉండొచ్చునట, కథలవాడికే కూడదట.

"మరి మా ఆయన పేరు?" అడిగింది ఏలీస్.

"ఆ పేరు ఇక నువ్వు ఎక్కడా ఎత్తకూడదు," అన్నాడు దొర.

ఆమె మొగుడిమీద పడ్డ మంచుని చేత్తో దులిపింది. "సరే దొరా. పేరు నా దగ్గరే ఉంచుకుంటాను. ఆయన్ని మాత్రం లోపల పడుకోబెట్టండి," అంది. నాకు కాళ్ళున్నా నడవలేను గానీ, లేకపోతే ఆ దొర పిక్కమీద ఒక్క తన్ను తన్నేదాన్ని.

గోతియేని గోతిలోకి దించాక కూడా జనం ఆమెని వదల్లేదు, ముగింపు చెప్పాల్సిందే అన్నారు. తాల్మోర్ చావుకబురు విని అతని ప్రేయసి మెలీన్ గుండె పగిలి పోయిందనీ, ఇద్దరినీ ఒకే సమాధిలో పక్కపక్కనే పెట్టారనీ చెప్పింది. తన కడుపులో ఉన్న కోరికే చెప్పుకుంది పిచ్చితల్లి. అందరూ తనివితీరా ఏడ్చి ఇళ్ళకి పోయారు.

దొర ఊరుకున్నాడా? శిల్పిని పిలిపించి సమాధిమీద పెద్ద రాయి పరిపించాడు. దానిమీద కత్తితో తాల్మోర్, పక్కనే అతని చెయ్యి పట్టుకుని మెలీన్. ఎక్కడెక్కడి ప్రేమికులో వచ్చి పూలు పెట్టేవాళ్ళు. ఏలీస్ ప్రతి చలికాలం వచ్చి ఆ రాయి పక్కన కూర్చునేది. నా చూరుకీ ఆ సమాధికీ మధ్య ఓ చిన్న కిటికీ, అంతే. "గోతియే, నిద్ర పట్టిందా?" అని ఆమె గొణుక్కోవడం నాకు వినపడేది. చూసినవాళ్ళు, "పాపం, ముసల్దానికి తాల్మోర్ మీద పిచ్చి," అని నవ్వుకునేవాళ్ళు.

ఒక చలికాలం అక్కడే ఒరిగిపోయింది. ఇంకా ఊపిరి ఉండగానే నన్ను తెచ్చి పక్కన సిద్ధంగా పెట్టారు, అంత తొందర వాళ్ళకి. ఫాదరు అన్సో కర్ర పట్టుకుని వచ్చాడు. ఆయనా పండు ముసలైపోయాడు. తాల్మోర్ నిజంగానే బతికాడని ఆయనే నమ్మేసి చాలాకాలమైంది.

"నన్ను ఆయన పక్కన పెట్టించండి ఫాదరుగారూ. నాకు పేరు కూడా వద్దు," అంది ఏలీస్.

ఆయన జాలిగా ఆమె తల నిమిరి ఏమన్నాడో తెలుసా? "అక్కడ చోటెక్కడిదమ్మా? ఆ పక్కన మెలీన్ ఉంది కదా!"

ఏలీస్‌ని గోడ అవతలికి మోశారు. కంపలు కొట్టి గొయ్యి తీశారు. దారి పొడవునా నా కర్రలన్నీ కిర్రుకిర్రుమని అరిచాను. "పాడె పాతబడిపోయింది, కొత్తది చేయించాలి," అనుకున్నారు మోసినవాళ్ళు.

ఇప్పుడు నేను ఒక మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాను. కింద పలకమీద "వీరుడు తాల్మోర్‌ని మోసిన పాడె" అని రాశారు. జనం వచ్చి నిట్టూర్చి, ఫొటోలు తీసుకుపోతారు. అద్దం బద్దలు కొట్టుకుని అరవాలనిపిస్తుంది నాకు. ఆ రాతికింద గోతియేని దించింది నామీంచే. రెండో మనిషిని నేనెన్నడూ అక్కడికి మొయ్యలేదు. మెలీన్ బొమ్మ కింద ఉన్నది ఒట్టి మట్టి. ఒక ఆడమనిషి కాళ్ళు చాపుకుని హాయిగా పడుకునేంత చోటు, ఇప్పటికీ ఖాళీగానే ఉంది.