తల్లి నాకని దుడ్డె

అండాలుకు అలుపు కొత్తది కాదు. పొద్దున ఆమెతోపాటే లేస్తుంది, రోజంతా ఆమెను వదలదు. ఆ అలుపు వల్లే ఈసారి పడ్డబర్రె ఈనితే, పుట్టిన దుడ్డెను ఎత్తుకుపోకుండా తల్లి దగ్గరే వదిలేసింది.

కల్వకుర్తి దగ్గరున్న అండాలు ఊరివాళ్ళకు ఒక గొప్ప తెలివి ఉంది. ఈనగానే దుడ్డెను తల్లి కంటపడనీయకుండా గడ్డివాము వెనక కట్టేస్తారు. అలా చేస్తే బర్రె దుడ్డె కోసం చూడకుండా చేపుతుంది, పాలన్నీ పాలకేంద్రానికి పోతాయి. ఈ పడ్డ పుట్టినప్పుడు దాన్ని కూడా అండాలు అలాగే ఎత్తుకొచ్చి, సీసాపాలు పట్టి పెంచింది. అదిప్పుడు తొలిచూలు ఈని, కాళ్ళ దగ్గర వణుకుతున్న బిడ్డను నాకకపోగా కొమ్ములతో కుమ్ముతోంది.

పశువుల డాక్టరు వెంకటేశ్ వచ్చి కాసేపు చూశాడు.

"చిన్నప్పుడు దీన్ని తల్లి నాకిందా?"

"యాడ నాకనిచ్చిన సారూ. పుట్టంగనే ఎత్కపోతిని."

"గందుకే అమ్మా. నాకుడంటే ఉత్త కడుగుడు గాదు. గప్పుడే పిల్ల మెదడు కుదురుకుంటది. ఎలుకపిల్లల మీద చూసిండ్రు. తల్లికి దూరం చేస్తే బెదురును అదుపు చేసే జాగ సరిగ పెరగదట. పెద్దయినంక గవి వాటి పిల్లల్ని గూడ తక్కువ నాకుతయట. బర్రెలకు గూడ అచ్చం గట్లనే అని చెప్పలేను గని, నాకైతే గట్లనే అగుపిస్తాంది."

అండాలు చూపు అరుగు మీదికి పోయింది. కూతురు సుహాసిని తన పసిపాపకు పాలసీసా పట్టిస్తోంది. పాప ఏడ్చినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడుతుంది, పరాయి పిల్లను పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుంటుంది. సుహాసిని పాకే వయసులో ఉండగానే అండాలు ఆమెను తన అత్త దగ్గర వదిలి, మొగుడితో పుణెకు మట్టిపనికి పోయింది. తిండికోసం పోయింది, సరదాకు కాదు. పండుగకు వస్తే పిల్ల ముసలమ్మ కొంగు వెనక దాక్కునేది.

"మరి మనుషులకు, సారూ?"

"నేను పశువుల డాక్టర్నమ్మా," అని నవ్వాడు వెంకటేశ్. దుడ్డె ఒంటిమీద తవుడూ ఉప్పూ చల్లించాడు. పడ్డ వాసన చూసింది, కుమ్మింది, మళ్ళీ వాసన చూసి ఉప్పుకోసం ఒకసారి నాకింది. "దుడ్డె కింద పడకుంట జర పట్టుకో. యాష్టకొచ్చి మాత్రం దూరం కట్టేయకు. దగ్గరుంటే మర్లుకుంటది, పిల్ల మీద పానం పుడ్తది," అని చెప్పి పోయాడు.

రేపటి బస్సుకు సుహాసిని పాపను ఇక్కడే వదిలి హైదరాబాదులో కుట్టు కంపెనీ పనికి పోవాలి. అండాలు మొన్ననే సంతోషంగా ఒప్పుకుంది. ఒప్పుకోవడమేమిటి, ఎదురుచూసింది. ఆ ఒంటరి ఇంట్లో పిల్ల వాసన ఆమెకు పండగే.

ఆ రాత్రి అన్నం పెడుతూ అండాలు అంది: "బిడ్డా, పిల్లను నీ ఎంబడి తీస్కపో."

"మొన్ననేమో సాకుతనంటివి గదనే."

"నాతోటి గాదు. అల్సిపోయిన."

అలసిపోయిన మాట నిజమే కాబట్టి అబద్ధం తేలిగ్గా వచ్చింది. సుహాసిని కంచం పక్కకు నెట్టింది.

"నన్నెట్లాగూ సాకలేదు. నా పిల్లనన్న సాకుతవనుకున్న."

డాక్టరు చెప్పింది చెబుదామని అండాలు నోరు తెరిచింది. చెబితే, నీలో ఏదో కుదురుకోలేదని, ఆ పని చేసింది నేనేనని కన్నబిడ్డ ముఖం మీద అనాలి. కూరగిన్నె మీద మూత పెట్టి లేచింది.

పొద్దున బస్సు నిండుగా ఉంది. సుహాసిని పోయొస్తానని కూడా అనకుండా ఎక్కింది. జనంలో నలిగి పాప గుక్కపట్టింది. సుహాసిని బెదిరిపోయి, ఊపిరాడనట్టు అటూ ఇటూ చూసి, పాపను కిటికీలోంచి కింద నిలబడ్డ తల్లికి అందించబోయింది.

"అమ్మా, నీ కాల్మొక్త, పట్టుకో."

అండాలు చేతులు వాటంతటవే లేచాయి. ప్రాణమంతా ఆ చేతుల్లోకే వచ్చింది. ఒక అడుగు వెనక్కి వేసి వాటిని కొంగులో చుట్టుకుంది.

బస్సు కదిలింది. చేసేదిలేక సుహాసిని పాపను లోపలికి లాక్కుని గుండెకు అదుముకుంది. ఏడుపు తగ్గుతూ తగ్గుతూ ఆమె భుజం మీదే ఆగింది. బస్సు కనుచూపు మేర దాటేదాకా సుహాసిని మాత్రం తల్లి వైపు చూడలేదు.