నానాజీ పేజీ

మా అనకాపల్లిలో లేఅవుట్ అంటే చెరకు తోటలో రాళ్ళు పాతి ప్లాట్లు అమ్మడం. నాకు మాత్రం కంప్యూటర్లో పాటని పేజీల మీద సర్దడం. వాళ్ళ ప్లాట్లు కదలవు. నా స్వరాల ఫ్లాట్లూ షార్పులూ కూర్చోబెట్టిన చోట కూర్చోవు. ఒక్క బారు కలిపితే చాలు (తాగే బారు కాదండోయ్, తాళానికి కట్టిన గది), వరస చివరి బారు కింది వరసకీ, కింది వరస పక్క పేజీకీ బయల్దేరతాయి. పేజీ పేజీకీ పేచీ!

నా పేరు ఇసాక్. పెళ్ళిళ్ళకి క్లారినెట్ వాయిస్తాను. నా జోడీ నానాజీది బుచ్చయ్యపేట. పగలు చెరకు, సాయంత్రం క్లారినెట్. బ్యాండువాళ్ళు చాలామంది చెవితో వాయిస్తారు. మా ఇద్దరికీ మిలిటరీ బ్యాండులో చేసొచ్చిన మేస్టారు కాగితం చూసి వాయించడం నేర్పారు. అందుకే ఇద్దరికీ కలిపి ఓ బాణీ కట్టి రాశాను. ప్రతి వరసలోనూ పై గీత మీది స్వరాలు నావి, కింది గీతవి నానాజీవి. మొత్తం మూడు పేజీలు. స్టాండు మీద రెండే పడతాయి. రెండో పేజీ చివర నాకు ఊపిరాడని పని, అతనికి ఖాళీ. కాబట్టి పేజీ తిప్పేది అతనే. మూడో పేజీలో పాటంతా అతనిదే. నేను వెనకాల తోడు.

దాన్ని జనం ముందు వాయించేలోపే షుగరు నానాజీ ముందు పళ్ళు పట్టుకుపోయింది. పళ్ళ ఊతం లేకపోతే క్లారినెట్ పలకదు. కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే ఊదినప్పుడల్లా ఊడొచ్చాయి. "పల్లవి పలకాలంటే పళ్ళుండాలి మావా," అని నవ్వేసి వెళ్ళినవాడు మళ్ళీ ఊళ్ళోకి రాలేదు.

ఇంతలో వర్తకుల సంఘం వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. నానాజీ గీత తీసేస్తే బాణీ రెండు పేజీల్లో ఒదుగుతుంది, తిప్పే పనే ఉండదు. మౌస్ నొక్కితే ఆ గీత నీలంగా వెలిగింది. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు. మూడో పేజీలో నా వంతు వదిలేసి, అతని పాటే నేను వాయించాలనుకున్నాను. ఒక్కసారైనా అది స్టేజీ మీద వినబడాలి.

ఫోన్ చేశాను. "నువ్వేం వాయించక్కర్లేదు. వచ్చి పేజీ తిప్పు, చాలు."

"ఏటి మావా, పళ్ళు లేనోణ్ణి స్టేజీ మీద కూకోబెడతావేటి? జనం నవ్వరూ?"

"నోరు మూసుకుని తిప్పు. ఎవడికి కనబడతాది?"

"నోరు మూసుకుని కూకోడానికి స్టేజీ ఎందుకు? మా ఇంట్లో రోజూ అదే సేత్తన్నాను."

"అయితే రావన్నమాట."

"రాను. నా గీత తీసీ మావా, నీకు సుళువవుద్ది."

"తీస్తే నీ పాట పోద్దల్లుడూ."

"పళ్ళే పోనాయి, పాటెంత?" అని పెట్టేశాడు.

సరే, నా పేజీ నేనే తిప్పుకుందామని రెండో పేజీ చివర నాలుగు బార్ల ఖాళీ పెట్టాను. పెట్టగానే ఆ ఖాళీ ఎగిరి మూడో పేజీ నెత్తినెక్కింది. గీతల సైజు తగ్గించాను. అంతా పైకి పాకి, ఖాళీ రెండో పేజీ నడుమకొచ్చి పడింది. మార్జిన్ పెంచితే మొదటి పేజీలోంచి ఓ వరస దొర్లుకొచ్చింది. "సాఫ్ట్‌వేరట! మెత్తగా చెబితే ఒక్క మాటా వినదు!" అని అరిచాను. గదిలో నా జోకు విన్నది టేబుల్ ఫ్యానొక్కటే. అదీ తల అడ్డంగానే తిప్పింది.

చివరికి ఖాళీ తరవాత పేజీ బ్రేక్ అనే మేకు దిగ్గొట్టాను. ఆఖరి వరసలో ఆ నాలుగు ఖాళీ బార్లే మిగిలి, దండెం మీద ఆరేసిన లుంగీల్లా సాగాయి. సాగనీ. కదలకుంటే అదే పదివేలు.

వార్షికోత్సవంలో రెండు పేజీలూ హాయిగా నడిచాయి. ఖాళీ వచ్చింది. క్లారినెట్ దించి కాగితం అంచు పట్టుకున్నానో లేదో, హాలంతా చప్పట్లు! పాట అయిపోయిందనుకున్నారు. ఇద్దరం ఉంటే ఒకడు ఆగినా రెండోవాడు వాయిస్తూనే ఉండేవాడు. సంఘం కార్యదర్శి త్రినాధరావు అప్పటికే శాలువా విప్పేశాడు.

"ఇంకో పేజీ ఉందండీ," అన్నాను.

"వచ్చే ఏడు వాయిద్దురుగాని మేస్టారూ! అవతల డాన్సు పిల్లల రంగులు చెమటకి కారిపోతన్నాయి," అని శాలువా కప్పేశాడు.

ఇంటికొచ్చేసరికి నానాజీ ఫోన్. "ఏటి మావా, నాది వాయించేవా?"

"నీ పేజీ దగ్గరే చప్పట్లు కొట్టేరు," అన్నాను.

"నిజంగానా! తప్పులేటీ పోలేదా?"

"నీ పేజీలో ఒక్క తప్పు లేదు."

"అయితే ఓపాలి ఇనిపించు మావా," అన్నాడు.

ఫోన్ స్టాండుకి ఆనించి మూడో పేజీ మొదలుపెట్టాను. సగానికొచ్చినా అవతల నుంచి చప్పుడు లేదు. వింటున్నాడో, పెట్టేశాడో తెలీదు. ఆగి చూద్దామంటే ఆ పేజీలో ఎక్కడా ఖాళీ లేదు.