దొంగ చదివిన మెసేజ్

గౌను ట్రయల్‌కి వచ్చిన స్కూలు టీచరు నడుం దగ్గర గుండుసూదులు పెడుతున్నాను. ఆవిడ కదలకుండా నిలబడి, ఫోన్ నా ముఖం ముందు పెట్టింది.

"ఏమండీ, నిన్న మళ్ళీ ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టారేం? మనం ఎప్పుడో ఫ్రెండ్సేగా."

చూద్దును కదా, నా పేరు, నా ఫొటో, మెళ్ళో నా కొలతల టేపుతో సహా. ఎవడో వెధవ నా ఫొటో ఎత్తుకెళ్ళి నా పేరుతో అకౌంట్ తెరిచాడు. ఒళ్ళు మండిపోయింది. వాడి బుట్టలో ఎంతమంది పడ్డారో చూద్దామని ఆవిడ ఫోన్లోనే లిస్టు తెరిచాను. పదకొండు మంది. ఎనిమిదో పేరు మా చెల్లిది.

గుండుసూది నా వేలికే గుచ్చుకుంది.

మా చెల్లికీ నాకూ రెండేళ్ళుగా మాటల్లేవు. కొత్తింటికి కర్టెన్లు బయట కుట్టించింది. సొంత అక్క టైలరై ఉండగా, పద్నాలుగు కిటికీలకి వేరేవాడి చేత! ఆ రోజు నోటికొచ్చినట్టు దులిపేసి, దాన్ని అన్నిచోట్లా బ్లాక్ చేశాను. ఇప్పుడు ఈ దొంగ నా పేరుతో పిలిచేసరికి, పిచ్చిది వెంటనే పలికింది.

"రిపోర్ట్ కొట్టేద్దామా?" అంది టీచరు.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాను. చెప్పకపోతే వాడు దాన్ని నిలువునా ముంచుతాడు. చెబితే, అక్క పలకరించిందన్న దాని సంతోషం కాస్తా నీరుగారిపోతుంది. ఆ తర్వాత మళ్ళీ నా ముఖం చూస్తుందా?

బ్లాక్ తీసి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"అక్కా, నిన్న రాసిందంతా చదివావా?"

"ఏం రాశావే?"

"అదేంటి, థాంక్యూ డియర్ అన్నావుగా. నువ్వు డియర్ అంటే నాకే నవ్వొచ్చింది."

"ఆ డియర్‌గాడు నేను కాదే. ఎవడో దొంగ. వాడేమడిగినా ఇవ్వకు."

"అంటే రిక్వెస్ట్ పెట్టింది నువ్వు కాదా," అంది. దాని గొంతు విని నా ప్రాణం ఉసూరుమంది.

"కాదు. పెడదామని రెండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నా. మొహం చెల్లలేదు. ఏం రాశావో చెప్పవే."

"మళ్ళీ చెప్పడం నా వల్ల కాదు. అది రాయడానికే ఒక పూట పట్టింది."

నాకు రాసింది ఎవడో చదివాడు, నేను చదవలేదు! రిపోర్ట్ కొడితే అదీ మాయమైపోతుందేమో. "దేన్నీ ముట్టుకోకు, వస్తున్నా," అని చెప్పి, టీచరును గుండుసూదులతో సహా ఇంటికి పంపించి బస్సెక్కాను.

చెల్లి తలుపు తీసి, నిన్నటి మెసేజ్ తెరిచి ఫోన్ నా చేతిలో పెట్టింది. మరిది వంటగదిలోంచి తొంగిచూసి, ఎందుకొచ్చిన గొడవని మళ్ళీ లోపలికి పోయాడు.

"అక్కా, అప్పుడు నీ మణికట్టు వాచిపోయి ఉంది. నెల్లాళ్ళు మిషన్ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. నీకిస్తే ఆ చేత్తోనే పద్నాలుగూ కుట్టేస్తావని బయట ఇచ్చాను. చెబుదామంటే నువ్వు చెప్పనివ్వలేదు. నీ చెయ్యి ఎలా ఉంది?"

దాని కింద దొంగ జవాబు: "థాంక్యూ డియర్. చిన్న హెల్ప్ కావాలి."

ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "తప్పు నాదేనే," అన్నాను.

"వదినా, ఆ మాట ఇంకోసారి అనండి, రికార్డ్ చేసుకుంటాను," అన్నాడు మరిది లోపల్నుంచి.

మెసేజ్‌ను నా ఫోన్‌తో ఫొటో తీసుకున్నాక, ముగ్గురం మూడు ఫోన్లలోంచి ఆ వెధవని రిపోర్ట్ కొట్టాం. చెల్లి నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మణికట్టు నొక్కి చూసింది.

"నిజం చెప్పు. నొప్పి తగ్గిందా?"

ఎవరడిగినా ఎప్పుడో తగ్గిందనే చెబుతూ వచ్చాను. "లేదే," అన్నాను.