మొదటి పోటు

అమ్మకు రొమ్ము ఆపరేషన్ అయిన తర్వాత నరంలోకి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. జుట్టు రాలుతుందని, వాంతులవుతాయని డాక్టర్లు ముందే చెప్పారు. కళ్ల సంగతి మాత్రం చెప్పలేదు. కొన్ని విడతలయ్యాక అమ్మ కళ్లు ధారగా కారసాగాయి. బియ్యం ఏరుతున్నా అంతే, ఊరికే కూర్చున్నా అంతే. దవాఖానలో అడిగితే, కంటి మూలలో నీరు దిగే సన్నని దారి ఈ మందుకు వాచి మూసుకుపోతోందని, కొందరికి అలా అవుతుందని చెప్పారు. మందు మాత్రం ఆపకూడదన్నారు.

ఈ మాట బొంబాయిలో ఇరుకు గదుల వరుసలున్న మా కామాటిపురా చాళ్‌లో ఎవరికీ ఎక్కలేదు. మొదట అందరూ ఓదార్చడానికి వచ్చారు. అమ్మ నవ్వుతూ, నేనేడుస్తలేనని చెప్పేది. నవ్వే ముఖం మీద కారే నీళ్లు చూసి వాళ్లు మరింత భయపడ్డారు. రానురాను రావడమే మానేశారు. నల్లా దగ్గర అమ్మ నిలబడితే మాటలు ఆగిపోయేవి. మిల్లు సమ్మెలో పని పోయాక నాన్న వర్లిలో బిల్డింగ్ పనికి పోతున్నాడు. నేను ఆఫీసుకు పోతాను. పగలంతా అమ్మ ఒక్కతే.

పై అంతస్తులో లక్ష్మవ్వత్త కూతురికి పెళ్లి కుదిరింది. మా చాళ్‌లో ఏ పెళ్లికి పసుపు దంచినా మొదటి పోటు అమ్మదే, పాట ఎత్తుకునేదీ అమ్మే. ఈసారి పిలుపు రాలేదు. అమ్మ పచ్చచీర తీసి పెట్టుకుని ఎదురుచూస్తోంది. నేనే మెట్లెక్కి పోయి మందు సంగతంతా విప్పి చెప్పాను.

లక్ష్మవ్వత్త ఓపికగా విన్నది. "సదువుకున్నదానివి, అబద్ధం చెప్పవు. గని రోట్ల కంటినీళ్లు వడితే, మొగపెండ్లోళ్లకు నీ డాక్టర్ వచ్చి చెప్తడా బిడ్డా?" అంది.

అయినా మనసొప్పలేదేమో, పసుపు దంచే రోజు తానే కుంకుమ భరిణెతో మా ఒంటిగది ఖోలీకి వచ్చింది. బొట్టు పెట్టి అమ్మను పిలిచింది.

అమ్మ బొట్టు పెట్టించుకుంది.

"నేను రాను లచ్చవ్వా. రేపు ఆ పిల్లకు తలనొప్పి లేసినా అందరికి నా కండ్లే యాదికొస్తయి. నీకు గూడ."

లక్ష్మవ్వత్త కాదనలేదు. భరిణె మూత పెట్టి వెళ్లిపోయింది.

పైన రోకళ్లు మొదలయ్యాయి. కప్పు చెక్కల సందుల్లోంచి సున్నప్పొడి రాలింది. ఎవరో పాట అందుకుని నడుమ తప్పారు. అమ్మ పెదవులు కదిలాయి కానీ గొంతు బయటికి రాలేదు. నేను పక్కన కూర్చుని, ఎప్పటిలాగే కొంగుతో ఆమె చెంపలు తుడవబోయాను. అమ్మ నా చేతిని ఆపింది.

"ఇప్పుడు తుడువకు. ఇవి మందు నీళ్లు గావు," అంది.